బీఎండబ్ల్యూ ఎం340ఐ: మూడు రోజులు నడిపాక నాకు అర్థమైంది ఇదీ



ఈసారి ఒక బండి గురించి మాట్లాడుకుందాం. ముందే చెప్తున్నా, ఇది రివ్యూ కాదు. రివ్యూలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, నాకంటే బాగా చేస్తారు. ఇది ఒక నిర్ణయం గురించి. తొమ్మిదేళ్లుగా ఒక కారు కోసం డబ్బులు దాచుకుంటున్నవాడికి, ఒకరోజు ఆ కారు తాళం చేతిలో పెట్టి "మూడు రోజులు నడుపుకో, నచ్చితే నీదే" అన్నారనుకోండి. ఏమవుతుంది? ఆ డబ్బులు దాచుకున్నవాణ్ని నేనే. అందుకే చెప్తున్నా.

నా కల త్రీ సిరీస్. 1975 నుంచి బీఎండబ్ల్యూ తయారు చేస్తున్న సెడాన్. చిన్నప్పుడు నోట్‌బుక్ అట్ట మీద దాని బొమ్మ అంటించుకున్న బ్యాచ్ మాది. అందులోనూ ఎం340ఐ అనేది ఒకటి వచ్చింది. 2021 మార్చిలో ఇండియాలో లాంచ్ చేశారు, అప్పటి ఎక్స్-షోరూమ్ ధర 62.90 లక్షలు. చెన్నై ప్లాంట్‌లోనే అసెంబుల్ చేస్తారు. 3 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, ఆరు సిలిండర్లు. లాంచ్ అయినప్పుడు 387 హార్స్‌పవర్. మనం రోజూ చూసే చిన్న హ్యాచ్‌బ్యాకులు 80, 90 దగ్గర ఉంటాయి. అంటే నాలుగు కార్ల బలం ఒక్క బానెట్ కింద ఉందన్నమాట. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 4.4 సెకన్లు.

మా ఫ్రెండ్ ఒకడు, వయసులో పెద్ద, నాకు అన్న లాంటోడు. కొని మూడేళ్లు వాడాడు. ఇప్పుడు అమ్ముదామనుకుంటున్నాడు. బయటివాళ్లకి చెప్పేముందు నన్ను పిలిచి తాళం ఇచ్చాడు. "టెస్ట్ డ్రైవ్ అంటే షోరూమ్ చుట్టూ ఇరవై నిమిషాలు తిప్పుతారు. దాంతో ఏం తెలుస్తది? మూడు రోజులు ఉంచుకో" అన్నాడు.

మొదటి రోజు. తెల్లారి ఐదింటికి లేచాను. ఒక్కణ్నే. అవుటర్ రింగ్ రోడ్ ఎక్కాను.

ఏం చెప్పమంటారు! రీల్స్‌లో చూసి ఊహించుకున్నదంతా నిజమే. ఇంకా ఎక్కువే ఉంది. ముందుగా ఆ ఇంజిన్ స్మూత్‌నెస్. మామూలు నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో పిస్టన్లు పైకీ కిందికీ ఆడేటప్పుడు కొంత వణుకు మిగిలిపోతుంది. ఆరు సిలిండర్లు ఒకే వరసలో పెడితే, ఒకదాని వణుకును ఇంకొకటి దాదాపు రద్దు చేసేస్తుంది. అందుకే ఆ ఇంజిన్ ఎంత స్పీడ్‌గా తిరుగుతున్నా కుట్టుమిషన్ లాగా ఉంటుంది. టార్క్ 500 ఎన్ఎం, అది కూడా తక్కువ ఆర్‌పీఎం నుంచే దొరుకుతుంది. అంటే కాలు పెట్టాక "వస్తున్నా ఆగు" అనదు. కాలు పెడితే వెళ్లిపోతుంది. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తుంది కాబట్టి జారడం, తడబడటం లేదు. స్టీరింగ్ ఇంత తిప్పితే ముందు భాగం సరిగ్గా అంతే తిరుగుతుంది. ఎగ్జిట్ దగ్గర ఆ మలుపు తీసుకున్నప్పుడు, నిజంగా చెప్తున్నా, ఒక్కణ్నే కారులో నవ్వుకున్నాను.

సో మొదటి రోజు సాయంత్రం ఎవరైనా నన్ను అడిగుంటే, కిడ్నీ అమ్మైనా కొనేవాణ్ని.

కానీ ఒక లెక్క చూడండి. మన ఓఆర్ఆర్ మీద కార్లకి గరిష్ఠ వేగం గంటకి 120. నాలుగు లేన్ల నేషనల్ హైవేల మీద వంద. ఈ బండి వందకి 4.4 సెకన్లలో వెళ్తుంది. అంటే హైవే మీద మీరు 4.4 సెకన్లు ఎంజాయ్ చేశాక, చట్టప్రకారం ఆట అయిపోయింది. ఆ తర్వాత మిగిలిన రెండు మూడు గంటల ప్రయాణం మామూలు కారులో ఎంత వేగమో ఇందులోనూ అంతే. ఆ రెండు మూడు గంటలు ఎలా ఉంటుందన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న నాకు రెండో రోజు ఎదురైంది.

రెండో రోజు అమ్మానాన్నల్ని ఊరికి దింపాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, డాక్టర్‌కి చూపించడానికి హైదరాబాద్ వచ్చారు. మా ఊరు ఖమ్మం దగ్గర. నాన్న రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. "ముందు కూర్చో నాన్నా, బాగుంటుంది" అన్నాను. "ముందు ముప్పై ఏళ్లు కూర్చున్నాలేరా, ఈసారి వెనక కూర్చుంటా" అని అమ్మతో పాటు వెనకే ఎక్కాడు.

ఎక్కడమే ఒక పని అయింది. స్పోర్టీ కారు అంటే కిందికి ఉంటుంది. బరువు ఎంత కిందుంటే మలుపులో అంత గట్టిగా రోడ్డును పట్టుకుంటుంది, అది దాని బలం. కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది కూర్చోవడం కాదు, పడటం. అమ్మ ముందు తల వంచింది, తర్వాత డోర్ పట్టుకుంది, తర్వాత నా భుజం పట్టుకుంది. వెనక సీటు మధ్యలో కింద ఎత్తుగా ఒక గుట్ట ఉంటుంది. ఇంజిన్ ముందుండి పవర్ వెనక చక్రాలకీ వెళ్లాలి కదా, ఆ షాఫ్ట్ అంతా దాని కిందినుంచే వెళ్తుంది. అందుకే వెనక ముగ్గురు అనేది పేపర్ మీద మాటే. ఇద్దరు, మధ్యలో అమ్మ బ్యాగు.

పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి విజయవాడ హైవే ఎక్కాం. పంతంగి టోల్ దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. నాలో ఉన్న కుర్రోడు ఆగలేదు. నాన్నకి చూపిద్దామనిపించింది. ఒక లారీని ఓవర్‌టేక్ చేస్తూ ఒక్కసారి గట్టిగా నొక్కాను. బండి దూసుకుపోయింది. "ఎట్లుంది నాన్నా?" అందామని అద్దంలో చూశాను. అమ్మ పైన హ్యాండిల్ పట్టుకుని కళ్లు మూసుకుంది. నాన్న ఒక చెయ్యి ముందు సీటు మీద పెట్టి ఉన్నాడు.

ఏమీ అనలేదు. ఒక పది కిలోమీటర్లు అయ్యాక అన్నాడు: "బస్సులో నిలబడ్డోళ్లు పడకుండా నడపడమే డ్రైవింగ్ రా."

నేను కంఫర్ట్ మోడ్‌లో పెట్టి బుద్ధిగా నడిపాను. హైవే మీద అది చాలా బాగుంది, అబద్ధం చెప్పను. సౌండ్ లేదు, ఊగిసలాట లేదు. సూర్యాపేట దగ్గర టీకి ఆగినప్పుడు చుట్టూ నలుగురు కుర్రాళ్లు చేరి ఫొటోలు తీసుకున్నారు. నాకు ఎంత గర్వంగా ఉందో! అమ్మ మాత్రం దిగలేదు. "మళ్లీ ఎక్కాలి కదా, టీ ఇక్కడికే తీసుకురా" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. బయట అందరూ చూసి మురిసిపోతున్న బండిలోంచి మా అమ్మ దిగడానికి భయపడుతోంది.

అసలు పరీక్ష చివరి ఆరు కిలోమీటర్లు. ఊళ్లోకి వెళ్లే రోడ్డు. గుంతలు, ఎవరికి వాళ్లు వేసుకున్న స్పీడ్ బ్రేకర్లు. ఇక్కడ టైరు లెక్క ఒకటి చెప్తా, మీరు ఏ కారు కొన్నా పనికొస్తుంది. టైరు పక్కన 255/40 అని రాసి ఉంటుంది. 255 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 40 అంటే ఆ వెడల్పులో 40 శాతం టైరు పక్కగోడ ఎత్తు. నేను నడిపిన బండికి వెనక ఉన్నది ఇదే సైజు. అంటే సుమారు 102 మిల్లీమీటర్లు. అదే క్రెటా పెద్ద వేరియంట్లలో వచ్చే 215/60 టైరు తీసుకుంటే 129 మిల్లీమీటర్లు. గుంతలో పడ్డప్పుడు ముందు దెబ్బ తినేది ఆ రబ్బరు గోడే. అది పొట్టిగా ఉంటే స్టీరింగ్ షార్ప్‌గా ఉంటుంది, కానీ గుంత నేరుగా నడుముకు తెలుస్తుంది. రెండూ ఒకేసారి రావు.

ఆ ఆరు కిలోమీటర్లకి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కింద తగులుతుందేమోనని ఊపిరి బిగబట్టి, ఏటవాలుగా ఎక్కించాను. ఒక టీవీఎస్ ఎక్సెల్ మీద గడ్డిమోపుతో వెళ్తున్న పెద్దాయన మమ్మల్ని దాటి వెళ్లిపోయాడు. 387 హార్స్‌పవర్, ఆయన ఎక్సెల్ ముందు ఓడిపోయింది (నవ్వు).

ఇంటి ముందు ఆగాం. అమ్మని నేనూ నాన్నా చెరో పక్క పట్టుకుని దింపాం. "బావిలోంచి లేచినట్టుంది నాన్నా" అని నవ్వింది. నవ్వుతూనే అంది, కానీ అంది.

రాత్రి భోజనాలయ్యాక నాన్నని అడిగాను. "నిజం చెప్పు నాన్నా, బండి ఎలా ఉంది?" ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, "బండికి వంక పెట్టలేం. కానీ అది డ్రైవర్ బండి రా. ప్యాసింజర్ బండి కాదు" అన్నాడు.

నేను వంద వీడియోలు చూసినా ఎవరూ ఇంత సింపుల్‌గా చెప్పలేదు. ఆలోచిస్తే కంపెనీ కూడా అదే చెప్తోంది. బీఎండబ్ల్యూ స్లోగన్ షియర్ డ్రైవింగ్ ప్లెజర్. అందులో డ్రైవింగ్ ఉంది, కూర్చోవడం లేదు కదా! ఇదే త్రీ సిరీస్‌లో గ్రాన్ లిమోసిన్ అని ఇంకో రకం అదే 2021లో తెచ్చారు. వీల్‌బేస్ 110 మిల్లీమీటర్లు ఎక్కువ, అదంతా వెనక కూర్చునేవాళ్ల కాళ్ల కోసం. దాని పెట్రోల్ మోడల్ 258 హార్స్‌పవర్, వందకి 6.2 సెకన్లు. పేరు ఒకటే, కుటుంబం ఒకటే, కానీ రెండు వేర్వేరు బండ్లు. ఎందుకు? స్పోర్టీ, లగ్జరీ అనే రెండు మాటలు బ్రోచర్‌లో పక్కపక్కనే కూర్చుంటాయి కానీ, రోడ్డు మీద ఒకదాన్నొకటి లాగుతుంటాయి. కిందికి ఉంటే మలుపు బాగుంటుంది, ఎక్కడం కష్టం. టైరు పొట్టిగా ఉంటే స్టీరింగ్ బాగుంటుంది, గుంత కష్టం. ఎంత గొప్ప ఇంజినీర్ అయినా ఎక్కడో ఒకచోట గీత గీయాలి. ఎం340ఐలో ఆ గీత డ్రైవర్ వైపు గీశారు. అది మోసం కాదు. నేనే చదువుకోకుండా ఆశపడ్డాను.

మూడో రోజు తిరుగు ప్రయాణం. డిక్కీలో రెండు పాతిక కేజీల బియ్యం బస్తాలు, ఆవకాయ డబ్బా శుభ్రంగా పట్టాయి. ఆ విషయంలో ఫుల్ మార్కులు. మళ్లీ ఒక్కణ్నే, మళ్లీ అదే ఆనందం. ఇంటికి వచ్చాక ఒక పని చేశాను. ఫోన్‌లో ఫాస్టాగ్ మెసేజ్‌లు తీసి ఏడాది లెక్క వేశాను. ఊరు దాటి వెళ్లిన ట్రిప్పులు 22. అందులో అమ్మానాన్నలో, చుట్టాలో నాతో ఉన్నవి 17. ఒక్కణ్నే వెళ్లినవి 5. అంటే నేను ఆ ఐదు ట్రిప్పుల కోసం కొని, పదిహేడు ట్రిప్పుల్లో సారీ చెప్పుకుంటూ ఉండాలి. పైగా ఈఎంఐ నా జీతంలో మూడో వంతు దాటుతోంది. టైర్లు, ఇన్సూరెన్స్, సర్వీస్ ఇంకా కలపలేదు.

తాళం తిరిగి ఇచ్చేశాను. ఇవ్వడానికి వెళ్తూ కూడా దగ్గరి దారి వదిలేసి ఓఆర్ఆర్ మీద ఒక చుట్టు ఎక్కువ తిప్పాను, అది వేరే విషయం.

సో అనుకున్నంత ఉందా అంటే, ఉంది. డ్రైవర్ సీట్లో అనుకున్నదానికంటే ఎక్కువ ఉంది. మీరు ఎక్కువగా ఒక్కరే తిరుగుతారా, ఇంట్లో పెద్దవాళ్ల కోసం ఇంకో కారు ఉందా, డబ్బు మీకు భారం కాదా, అయితే కళ్లు మూసుకుని కొనుక్కోండి. నాకు మూడింటికీ కాదు అనే జవాబు వచ్చింది.

మీరు పది లక్షల కారు కొన్నా, అరవై లక్షల కారు కొన్నా, మూడు పనులు చేయండి. ఒకటి, టెస్ట్ డ్రైవ్‌కి ఫ్రెండ్స్‌ని కాదు, ఆ కారులో రోజూ ఎక్కే మనుషుల్ని తీసుకెళ్లండి. ఎక్కించండి, దింపండి. రెండు, షోరూమ్ ముందున్న నున్నటి రోడ్డు మీద కాదు, మీ ఇంటి దగ్గరున్న అతి చెత్త రోడ్డు మీద నడపండి. వాళ్లు ఒప్పుకోకపోతే గట్టిగా అడగండి, ఇచ్చేది మీ డబ్బు. మూడు, మీ ఫాస్టాగ్ మెసేజ్‌లు చూసుకోండి. మీరు ఎలాంటి మనిషి అనుకుంటున్నారో కాదు, నిజంగా ఎక్కడికి, ఎవరితో తిరుగుతున్నారో అది చెప్తుంది.

చివరగా ఒకటి. నిన్న నాన్న ఫోన్ చేశాడు. "ఆ బండి ఏం చేశావురా?" అన్నాడు. "తీసుకోలేదు నాన్నా, ఇచ్చేశా" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అమ్మేలోపు ఇంకొక్కసారి ఇస్తాడేమో అడుగు. ఈసారి నేను నడుపుతా" అన్నాడు.

అడిగాను. ఆదివారం వస్తానన్నాడు మా అన్న.

ఉంటాను మరి. బెల్ట్ పెట్టుకోండి, వెనక కూర్చున్నా సరే.