పశువుల కోపము, మెదడుపై పనిచేయు మందులు

(గ్రామ పంచాయతీ సభ్యుల కొరకు చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

గ్రామమున ఒక ఆబోతు పొడువ మొదలిడినను, ఒక కుక్క బాటసారులపై పడుచున్నను, ఆ ఫిర్యాదు తొలుత వచ్చునది మీ యొద్దకే. "ఏదైన మత్తుమందు పెట్టించి దాని పొగరు అణచరాదా?" అని అడుగువారుందురు. పండుగ పందెముల దినములలో, కోడికో ఎద్దుకో రోషము పుట్టించుటకై సారాయి పట్టించువారును లేకపోలేదు. ఈ రెండు కోరికలకును మూలము ఒకే నమ్మకము. కోపము కుండలోని నీటివంటిదనియు, మందుతో దానిని పోయవచ్చును, తోడివేయవచ్చుననియు వారు తలతురు. ఇది ఎంతవరకు నిజమో మీకు విన్నవింపదలచినాము.

మెదడులో కోట్లకొలది నాడీకణములు కలవు. ఒక కణము మరియొక కణమునకు వార్త నందించుటకు కొన్ని రసాయన పదార్థములను విడుదల చేయును. సెరటోనిన్, డోపమిన్, గాబా అనునవి వానిలో ముఖ్యమైనవి. మనస్సుపై పనిచేయు మందులు ఈ వార్తల రాకపోకలను హెచ్చించును, లేదా తగ్గించును. కోపమునకు ప్రత్యేకముగా ఒక రసాయనము లేదు. ఒకే రసాయనము నిద్రలోను, ఆకలిలోను, భయములోను, నడకలోను పాలుపంచుకొనుచుండును. కావున ఒకదానిని కదల్చిన, తక్కినవియు కదలును.

ఈ శాస్త్రచరిత్రలో మన దేశపు మొక్క యొకటి గొప్ప స్థానము నందినది. అది సర్పగంధ. మన వైద్యులు దాని వేరును పిచ్చికి, నిద్రలేమికి పూర్వమునుండి వాడుచుండిరి. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ గారలు ఉన్మాదమునకును రక్తపుపోటునకును అది పనిచేయుటను గూర్చి ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ గారు రక్తపుపోటు చికిత్సలో తమ అనుభవమును ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో వెల్లడించిరి. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రిసర్పిన్ అను పదార్థమును వేరుచేసిరి. దానిని ఇచ్చినపుడు, మనిషిని చూచిన మీదకు దుముకు కోతులు సైతము నెమ్మదించినవి.

ఆ నెమ్మది ఎట్టిది? 1955లో అమెరికాలో ప్లెట్షర్, షోర్, బ్రోడీ అను వారు రిసర్పిన్ మెదడులోని సెరటోనిన్ నిల్వలను ఖాళీ చేయునని కనుగొనిరి. 1957లో స్వీడన్ దేశీయుడగు ఆర్విడ్ కార్ల్‌సన్, రిసర్పిన్ ఇచ్చిన కుందేళ్లు కదలక మెదలక పడియుండుటను పరిశీలించి, వానికి ఎల్-డోపా అను పదార్థము నిచ్చెను. మెదడు దానిని డోపమిన్‌గా మార్చుకొనును. కొలది సేపటిలో కుందేళ్లు లేచి తిరుగజొచ్చినవి. డోపమిన్ లోపించుటచేతనే అవి కదలలేకపోయెనని తేలినది. ఆ పరిశోధనలకు ఆయనకు 2000లో నోబెల్ బహుమానము లభించినది. ఈ ప్రయోగము నేర్పు పాఠము మరువరానిది. శాంతించుట వేరు, కదలలేకుండుట వేరు. మందు తిన్న పశువు ఒక మూల పడియున్నంతనే దాని స్వభావము మారినదని భ్రమపడరాదు.

1957లో రోష్ కంపెనీ పరీక్షించిన క్లోర్‌డయాజెపాక్సైడ్ మరియొక మెట్టు. గాబా పనికి బలము చేకూర్చు ఈ మందు, మచ్చికకాని కోతులను నిద్రపుచ్చకయే సాధువులుగా మార్చినది. అయితే ఇదే జాతి మందులు తక్కువ మోతాదులో కొన్ని జంతువులకు కలహబుద్ధిని పెంచుటయు తరువాత గమనింపబడినది.

జాతిని బట్టియు ఫలము మారును. 1980లో ప్రచురింపబడిన పరిశోధనలో, లాబ్‌స్టర్ అను పెద్ద సముద్రపు రొయ్యకు సెరటోనిన్ ఎక్కించగా అది గెలిచిన దానివలె ఒడలు పైకెత్తి నిలిచెను. ఎలుకలలో తీరు వేరు. 1994లో, సెరటోనిన్ వార్త నందుకొను ఒక ద్వారము పుట్టుకతోనే లేకుండ చేసిన చిట్టెలుకలు మరింత తీవ్రముగా పోట్లాడినవి.

వెర్వెట్ కోతులపై 1991లో వెలువడిన పరిశోధన మీవంటి ప్రజాప్రతినిధులు వినదగినది. మందకు పెద్దయైన మగకోతిని తొలగించి, మిగిలిన మగవానిలో ఒకదానికి సెరటోనిన్ పనిని హెచ్చించు మందులిచ్చిరి. అదియే పెద్ద అయినది. అది ఆ పదవిని కాట్లాడి సంపాదించలేదు. ఆడకోతులతో చెలిమి పెంచుకొని, వాని మద్దతుతో సంపాదించినది!

ఇక సారాయి మాట. ఎలుకలలోను కోతులలోను స్వల్పముగా ఇచ్చిన మద్యము కొన్నింటిలో మాత్రమే పోట్లాటను హెచ్చించినది, తక్కినవానిలో హెచ్చించలేదు. మోతాదు పెరిగినకొలది అన్నియు తూలి పడినవి. కనుక ఎద్దుకు సారాయి పట్టించువాడు బలము నిచ్చుట లేదు. దాని అడుగు తడబడజేసి, చుట్టునున్న జనమును అపాయమున పడవేయుచున్నాడు. హానికరమైన మందులను అకారణముగా పశువులకు పెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. జంతువులను పోట్లాటకు పురికొల్పుటయు నేరమే. పందెములకు ముందే ఈ సంగతి చాటింపు వేయించుట మీ విధి.

మరి పొడుచు పశువును, కరచు కుక్కను ఏమి చేయవలెను?

మొదట, కారణము వెదకవలెను. కొమ్ము విరిగినను, చెవిలో పుండు పడినను, గిట్ట చీము పట్టినను సాధుజంతువు కూడ మీద పడును. నొప్పి తీరిన కోపము తీరును.

రెండవది, సాధువుగా నున్న జంతువు ఉన్నట్టుండి మారి, చొంగ కార్చుచు, మింగలేక బాధపడుచున్నచో పిచ్చికుక్క వ్యాధిని శంకింపవలెను. అది వైరస్ మెదడును పట్టుట వలన కలుగునది. ఏ మత్తుమందును దానిని కుదుర్చలేదు. కరచిన గాయమును సబ్బుతో, ధారగా పారు నీటితో 15 నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. వీధికుక్కలకు శస్త్రచికిత్స, టీకాలు జరిపించు బాధ్యతను 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు స్థానిక సంస్థలపై ఉంచినవి.

మూడవది, కోడెకు విత్తులు కొట్టించిన నెమ్మదించునని మన రైతు ఎరిగినదే. టెస్టోస్టిరోన్ అను హార్మోను తగ్గుటయే అందులకు కారణము. ఆ పనిని పశువైద్యునిచేతనే, నొప్పి తెలియకుండ మందిప్పించి చేయింపవలెను.

నాల్గవది, మత్తు సూది తప్పనిసరియైనను అది పశువైద్యుని చేతిలోనే ఉండవలెను. పశువైద్యులు వాడు జైలజీన్ అను మందును గుర్రమునకు ఇచ్చు మోతాదులో ఇంచుమించు పదవ వంతు ఇచ్చినను ఆవుకు చాలును. గుర్రపు లెక్కతో ఇచ్చిన ఆవు చావవచ్చును. మనుష్యుల నిద్రమాత్రలను, నూరిన సర్పగంధ వేరును దాణాలో కలిపి పెట్టుటయు ఇట్టి సాహసమే.

సభ్యులారా, మందు మంచి పనిముట్టే. వేర్వేరు మందల పందులను ఒకచోట చేర్చునపుడు కొట్లాట తగ్గించుటకు అజపెరోన్ అను మందును వాడుచున్నారు. కాని జాతి, మోతాదు, వ్యాధి, ఈ మూడును తెలిసిన చేయి దానికి కావలెను. మీ గ్రామమునకు చెందు పశువైద్యశాల ఫోను నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. తదుపరి ఫిర్యాదు వచ్చిన నాడు మొదట చదువవలసినది అదియే.