కలబంద గుజ్జు, కుంకుడు నురగ

కలబంద గుజ్జులో వేపాకు రసం, చిటికెడు కర్పూరం కలిపితే శానిటైజర్ తయారైపోయిందని చాలామంది నమ్ముతారు. వాసన బాగుంటుంది, చేతులు మెత్తబడతాయి. క్రిములు చస్తాయన్న భరోసా మాత్రం లేదు.

శానిటైజర్‌లో పనిచేసేది ఆల్కహాల్. అది కనీసం 60 శాతం ఉండాలి. 70 శాతం స్పిరిట్‌లో సగానికి సగం కలబంద గుజ్జు కలిపారనుకోండి, మిగిలేది 35 శాతమే! 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు గ్లాసులకు గుజ్జు ఒక గ్లాసు వేస్తే లెక్క 66కి వస్తుంది. కానీ అది నిప్పు తగిలితే భగ్గుమనే సరుకు. పొయ్యి దగ్గర కలపకండి, పిల్లలకు అందనివ్వకండి. తాగితే ప్రాణాలకే ముప్పు: 2020 జూలై ఆఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అసలు ఇంట్లో నీళ్లుండగా ఇంత తంటా దేనికి? మన కుంకుడుకాయ ఉంది కదా! పది కాయలు చితక్కొట్టి, గింజలు తీసేసి, రాత్రి రెండు గ్లాసుల నీళ్లలో నానేయండి. పొద్దున్నే కాసేపు మరిగించి, చల్లారాక పిసికి వడగట్టండి. అందులోని సపోనిన్లు సబ్బులాగే జిడ్డును విడదీసి, మురికిని నీళ్లతో పంపేస్తాయి. ఈ రసంతో చేతులు 20 సెకన్లు రుద్దాలి, గోళ్ల సందులు మరవకూడదు. కళ్లలో పడితే ఎంత మంటో తలంటు పోసుకున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంట్లో జబ్బుపడ్డవాళ్లుంటే మాత్రం సబ్బే వాడండి.

ఈ రసం నిల్వ ఉండదు. ఫ్రిజ్‌లో పెట్టినా వారంలోపే వాడేయాలి. పులిసిన వాసన వస్తే పారబోసి, మళ్లీ పది కాయలు నానేసుకోండి.