నాటేముందే కొనేవాళ్లను చూడండి

పట్టాలందుకున్న పిల్లలూ, ఒక మాట వినండి.

జాతీయ ఔషధ మొక్కల బోర్డు 2000లో ఏర్పడింది. ఆ తర్వాత కొన్నేళ్లకే సఫేద్ ముస్లీ అనే ఔషధ దుంప పంట మోజు పల్లెల్ని పట్టింది. విత్తన దుంపలు అమ్మినవాళ్లే పంట కూడా కొంటామని కాగితాలు రాసిచ్చారు. తవ్వకాలొచ్చేసరికి కొందరు ఫోనెత్తలేదు. ఒక రైతు వసారాలో ఎండిన దుంపల బస్తాలు చూపించి, వీటిని ఏం చేయమంటారని నన్నడిగాడు. ఆ అప్పు ఆయన్ని చాలాకాలం వదల్లేదు. అప్పటినుంచి నాకున్న బెంగ ఇదొక్కటే. మొక్క అమ్మేవాడి మాట మీద మొక్క నాటించకండి!

ఇక్కడి చేవెళ్ల, మొయినాబాద్ రైతులకు మార్కెట్ కొత్త కాదు. కూరగాయలు, పూలు తెల్లారేసరికి పట్నం చేర్చడం వాళ్లకు తెలుసు. అశ్వగంధ వంటి ఔషధ పంట దారి వేరు. అయిదారు నెలలకు వేళ్లు తవ్వాలి, కడిగి ఎండబెట్టాలి, లావు సన్నం వేరుచేయాలి. ధర ఆ వేరు నాణ్యతను బట్టే. అరెకరం పండించిన ఒక్క రైతు కోసం వ్యాపారి దూరాన ఉన్న నీమచ్ మార్కెట్ నుంచి రాడు. ఊళ్లో మహిళా సంఘం ఒకే పంట ఎంచుకుని, ఒకే కళ్లంలో ఆరబెట్టి, సరుకంతా ఒకచోట చేరిస్తే అప్పుడు బేరమాడే బలం వస్తుంది. ఇక్కడి నేలలో చాలాభాగం ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలకు నీరు పారే నేల. రసాయన మందులు తక్కువ పట్టే పంట ఇక్కడికి తగిన పంట.

మరి మీరో? మొక్క పక్కన ఫొటో దిగి, శాస్త్రీయ నామం గడగడా చెప్పి వెళ్లిపోతారు! అలా కుదరదు నాన్నా. తిప్పతీగలాగే కనిపించే టినోస్పోరా క్రిస్పా హాని చేయొచ్చని ఆయుష్ శాఖ 2022లో హెచ్చరించింది. పెరట్లో తిప్పతీగ నాటించే ముందు ఆకు, కాండం పట్టి చూడటం మీ బాధ్యత. జ్వరానికి కషాయం కాచుకునే ఇల్లాలు మీ మాట నమ్ముతుంది. జ్వరం తగ్గకపోతే ఆమెను ఆసుపత్రికి పంపాల్సిందీ మీరే.

బోడుప్పల్‌లో ఔషధ, సుగంధ మొక్కల సంస్థ సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది. ఈ నెలలోనే వెళ్లండి. వెళ్లేటప్పుడు ఒక రైతునూ, సంఘం నుంచి ఒక అమ్మనూ వెంటబెట్టుకెళ్లండి. ప్రశ్నలు వాళ్లనే అడగనివ్వండి.