ఉమ్మనీటి నుండి ఊతకర్ర దాకా: మనిషి ఎదుగుదలలో తల్లిభాష

(సరిహద్దు జిల్లాల తెలుగు వైద్య విద్యార్థుల సమావేశంలో, బళ్ళారిలో, ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



మనిషి ఎదుగుదల గురించి మీకు చెప్పడానికి న్యాయవాదిని పిలవడం వింతగా తోచవచ్చు. మీ పాఠ్యగ్రంథాలు పిండం ఏర్పడిన క్షణం నుండి ముదిమి దాకా మానవ శరీరాన్ని దశలవారీగా వర్ణిస్తాయి. మా చట్టగ్రంథాలలోనూ అదే మనిషి గర్భస్థ శిశువుగా, బడి ఈడు పిల్లవాడుగా, మేజరుగా, వయోవృద్ధుడుగా కనబడతాడు. ఈ రెండు శాస్త్రాలూ కలిసే చోటు భాష. ఏ దశలోనైనా రోగి భాషలో అడగకపోతే రోగనిర్ణయం దారి తప్పుతుంది. రోగికి అర్థమయ్యే భాషలో చెప్పకపోతే ఆ రోగి చేసిన సంతకం ఉత్త గీతగా మిగులుతుంది. నేను చెప్పదలచినది ఇంతే. దానినే దశలవారీగా మీ ముందుంచుతాను.

గర్భస్థ దశ

ఫలదీకరణ జరిగిన ఆరేడు రోజులకు పిండం గర్భాశయపు గోడలో నాటుకోవడం మొదలవుతుంది. దాదాపు 22వ రోజున గుండె కొట్టుకోసాగుతుంది. 28వ రోజు నాటికి నాడీనాళం మూసుకుంటుంది. నెల తప్పిన సంగతి రూఢి చేసుకునే లోపే మెదడుకూ వెన్నుపాముకూ పునాది పడిపోతున్నదన్న మాట. అందువల్లనే ఫోలిక్ ఆమ్లం రోజుకు 400 మైక్రోగ్రాములు గర్భధారణకు ముందు నుండే వాడమంటారు. ఆ సలహా కొత్తగా కాపురానికి వచ్చిన ఆడపిల్లకు తెలియని లిపిలో గోడమీద ఉంటే ఏం ప్రయోజనం? ఆమె ఆసుపత్రి గడప తొక్కేనాటికి ఆ 28 రోజులు గడచిపోయి ఉంటాయి.

దాదాపు 25వ వారానికి గర్భంలోని శిశువు ధ్వనులకు స్పందించడం మొదలవుతుంది. ఉమ్మనీటిలో ఉన్న బిడ్డకు మాటలు స్పష్టంగా చేరవు. తల్లి గొంతులోని ఎత్తుపల్లాలు, మాట నడక మాత్రం చేరతాయి. నవజాత శిశువులు పరాయి స్త్రీ గొంతు కన్నా కన్నతల్లి గొంతు వినడానికే మొగ్గు చూపుతారని 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే పరిశోధకులు నిరూపించారు. రెండు రోజుల శిశువులు పరాయి భాష కన్నా ఇంటిభాషను కోరుకుంటారని 1993లో మరొక పరిశోధన తెలిపింది. తల్లిభాష అనే మాట కవుల అలంకారం కాదు, శరీరశాస్త్రం అంగీకరించిన వాస్తవం.

1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టాన్ని స్కానింగ్ గదిలోని బోర్డు వల్ల మీరందరూ ఎరుగుదురు. దాని 5వ సెక్షన్‌ను చదివేవారు తక్కువ. గర్భస్థ శిశువుకు రోగనిర్ధారణ ప్రక్రియ చేయదలచినపుడు దాని దుష్ఫలితాలను గర్భిణికి వివరించాలి, ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకమైన సమ్మతి తీసుకోవాలి, దాని ప్రతిని ఆమెకు ఇవ్వాలి. మనిషి ఇంకా పుట్టకముందే చట్టం భాష మాట ఎత్తింది.

శైశవం, బాల్యం

ఆరు వారాలకు పలకరింపు నవ్వు, మూడో నెలకు మెడ నిలపడం, ఏడాదికి కాస్త అటూ ఇటూగా తప్పటడుగులు, తొలిమాటలు. మీరు పరీక్ష కోసం వల్లెవేసే ఈ పట్టిక మన ఇండ్లలో పిండివంటల రూపంలో ఉన్నది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగు వేస్తే అరిసెలు పంచడం మన ఆచారం. బిడ్డ ఏ నెలలో నడిచిందని అడిగితే అవ్వ తడబడవచ్చు. అరిసెలు ఏ పండుగ దగ్గర పంచారని అడిగి చూడండి, లెక్క సరిగ్గా దొరుకుతుంది. అలా అడగడానికి ఆ భాష వచ్చి ఉండాలి.

1984లో వర్కర్, టీస్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం మనకు బాగా పనికివస్తుంది. ఇంగ్లీషు ఇండ్లలోని ఆరు నుండి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని త, ట ధ్వనుల తేడాను గుర్తుపట్టగలిగారు. పది, పన్నెండు నెలలకు ఆ శక్తి చాలా వరకు సన్నగిల్లింది. హిందీ ఇండ్ల పిల్లలలో అది నిలిచి ఉన్నది. ఆ తేడా మన తెలుగులోనూ ఉన్నదే. మాట రాకముందే, ఏడాది నిండేలోపే, బిడ్డ చెవి ఇంటిభాషకు తీరి కూర్చుంటున్నది.

నా వద్దకు వచ్చిన ఒక తండ్రి కథ చెబుతాను. నాలుగేళ్ళ బిడ్డకు మాట ఆలస్యమనీ, బుద్ధి మాంద్యం ఉండవచ్చుననీ ఒక కేంద్రంలో రాసిచ్చారు. పరీక్ష మొత్తం రాష్ట్రభాషలో జరిగింది. ఆ బిడ్డ చెవిన అప్పటిదాకా పడినది ఇంటి తెలుగు మాత్రమే. తెలుగు తెలిసిన మరొక నిపుణురాలు మళ్ళీ పరీక్షించగా ఈడుకు తగిన మాటలన్నీ ఉన్నాయి. ఆ కాగితం అలాగే నిలిచి ఉంటే ఆ బిడ్డ బడి దారే మారిపోయేది. దీనికి మరొక ముఖమూ ఉన్నది. నిజంగా వినికిడి లోపమున్న బిడ్డను "రెండు భాషల ఇల్లు కదా, మాట ఆలస్యమవుతుంది" అని తిప్పి పంపడమూ అంతే ప్రమాదం. రెంటికీ మందు ఒక్కటే: ఇంటిభాషలో పరీక్ష, దానితోపాటు చెవి పరీక్ష.

బడి ఈడుకు వస్తే, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతున్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా అది చేరింది. వీలైనంత వరకు బోధన తల్లిభాషలో ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అంటున్నది. అయితే కర్ణాటక వ్యాజ్యంలో 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ప్రకారం ప్రభుత్వం తల్లిభాషా మాధ్యమాన్ని నిర్బంధంగా రుద్దజాలదు. ఎంపిక తల్లిదండ్రులది. కనుక బాధ్యతా వారిదే. తల్లిభాష బిడ్డ మెదడుకు బరువా, బలమా అని వారు అడిగేది మిమ్మల్నే. "ఇంట్లో తెలుగు మానేయండి" అనే మాట వైద్యుని నోట రాకూడదు.

కౌమారం, నడివయస్సు

కౌమారంలో శరీరం వేగంగా మారుతుంది. మెదడు ముందుభాగం మాత్రం ఇరవైల నడుమ దాకా పక్వమవుతూనే ఉంటుంది. ఆ ఈడు పిల్ల "గుండెల్లో బరువుగా ఉంది" అంటే అది దిగులు కావచ్చు. మాటకు మాట అనువదిస్తే గుండె పరీక్షలు జరుగుతాయి, దిగులు దిగులుగానే మిగులుతుంది.

పెద్దవారి విషయంలో నొప్పి అనే ఒక్క మాటతో తృప్తి పడకండి. పోటు, సలుపు, మంట, మెలిపెట్టడం, గుంజడం, తిమ్మిరి - ఒక్కొక్కటి ఒక్కొక్క రోగానికి దారి చూపుతుంది. ముట్లుడిగి ఏడాది దాటిన స్త్రీకి మళ్ళీ రక్తం కనబడితే క్యాన్సరేమోనని పరీక్షించి తీరాలి. కాని ఆ మాట ఆమె ఎవరితో చెబుతుంది? దుబాసీగా పన్నెండేళ్ళ కొడుకును నిలబెడితే ఆమె నోరు విప్పదు. ఆ మౌనం ఖరీదు ప్రాణం కావచ్చు.

సమీరా కోహ్లీ వ్యాజ్యంలో 2008లో సుప్రీంకోర్టు, సమ్మతి నిజమైనదిగా ఉండాలనీ, రోగి తనంతట తాను నిర్ణయించుకోవడానికి చాలినంత సమాచారం ముందుగా ఇవ్వాలనీ తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యంలో భాష వివాదం లేదు. అయినా దాని నుండి తేలేది స్పష్టం: అర్థం కాని భాషలో ఇచ్చినది సమాచారం కాదు.

వృద్ధాప్యం

మన ఇండ్లలో ముసలివారి మతిమరుపునూ, చెప్పినదే చెప్పడాన్నీ "చాదస్తం" అని నవ్వి వదిలేస్తారు. ఆ మాట వెనుక కొన్నిసార్లు జబ్బు దాగి ఉంటుంది. ఆసుపత్రిలో దీనికి వ్యతిరేకమైన తప్పు జరుగుతుంది. మతిని కొలవడానికి ఎక్కువగా వాడే పరీక్ష 1975లో ఇంగ్లీషులో తయారైనది. చదువుకోని వారి కోసం దానిని హిందీలోకి మలచుకోవలసి వచ్చింది. చదువురాని తెలుగు అవ్వను రాష్ట్రభాషలో తేదీ, జిల్లా పేరు అడిగి, వాక్యం రాయమంటే పరీక్షలో తప్పేది ఆమె జ్ఞాపకశక్తి కాదు, పరీక్షే.

హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిభ్రంశ రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా కనబడింది. అక్షరజ్ఞానం లేనివారిలోనూ ఈ తేడా ఉన్నది. తరువాతి పరిశోధనలన్నీ దీనితో ఏకీభవించలేదు. అనుకూల సాక్ష్యాన్ని మాత్రమే చూపడం న్యాయవాదికి తగదు కనుక ఆ మాటా చెబుతున్నాను. ఏమైనా, ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో మాట్లాడే సరిహద్దు కుటుంబాలు సిగ్గుపడవలసిన పని లేదు.

2007 నాటి వయోవృద్ధుల చట్టం ఆసుపత్రులలో పడకలను, వేరు వరుసలను ప్రస్తావించింది, భాషను మరచింది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఆ లోటును కొంత తీర్చింది. సమాచారం రోగికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే తీరులో ఇస్తేనే అది తెలిసి ఇచ్చిన సమ్మతి అని అందులో నిర్వచించారు.

మీరు చేయవలసినవి

మొదటిది, రోగి వివరాలు రాసే కాగితంలో వయస్సు పక్కన ఇంటిభాష కూడా రాయండి. రెండవది, సెలవులకు ఊరికి వెళ్ళినపుడు నొప్పికి, కాన్పుకు, పిల్లల పెంపకానికి సంబంధించిన మాటలు అవ్వల వద్ద సేకరించండి. మూడవది, సమ్మతి పత్రం చదివి వినిపించి, రోగి చేత తన మాటల్లో తిరిగి చెప్పించుకొన్న తరువాతే సంతకం తీసుకోండి. నాల్గవది, ఈ మర్యాద తెలుగువారికి మాత్రమే పరిమితం కారాదు. ఇక్కడి కన్నడ రోగి, రేపు మీరు పనిచేసే చోటి తమిళ, ఒడియా, మరాఠీ రోగి మీ నుండి ఇదే కోరతారు. వారి భాష నేర్చుకోండి. మన హక్కు అడిగే నోరు ఇతరుల హక్కును గౌరవించినపుడే ఆ మాటకు బలం చేకూరుతుంది.

మా తరం న్యాయస్థానాలలో, వినతిపత్రాలలో ఈ హక్కు కోసం వాదిస్తూనే ఉంటుంది. ఆసుపత్రి మంచం పక్కన దానిని అమలు చేయగలవారు మీరే.

సెలవు.