ప్రతిభకు ఒక్క పరీక్షే కొలమానమా?



ప్రతి తరగతిలోనూ పాఠాన్ని ఒక్కసారి వినగానే గ్రహించే పిల్లలు కొందరుంటారు. వారికి పాఠ్యపుస్తకాన్ని మించిన పని ఇవ్వకపోతే చదువు మీద ఆసక్తి సన్నగిల్లుతుంది. పట్టణాల్లోని కలిగినవారి పిల్లలకు మంచి బడులు, గ్రంథాలయాలు అందుబాటులో ఉంటాయి. మారుమూల పల్లెలో కూలివారి ఇంట పుట్టిన బిడ్డ ప్రతిభను ఎవరు గుర్తించాలి? ఆ బాధ్యత ప్రభుత్వ విద్యావ్యవస్థదే. దానిని మన దేశం ఎలా నిర్వహిస్తున్నదో ఈ ప్రసంగంలో పరిశీలిద్దాం.

1971లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని నల్గొండ జిల్లా సర్వేల్‌లో ఒక గురుకుల పాఠశాల మొదలైంది. దాని వెనుక పి.వి. నరసింహారావు గారి చొరవ ఉంది. గ్రామీణ విద్యార్థులకు ఉచితంగా వసతి, భోజనం, నాణ్యమైన విద్య అందించడం దాని ఉద్దేశం. 1985లో ఆయన కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి మంత్రి అయ్యారు. 1985-86లో హర్యానాలోని ఝజ్జర్, మహారాష్ట్రలోని అమరావతిలలో తొలి నవోదయ విద్యాలయాలు ప్రారంభమయ్యాయి. నేడు దేశంలో 650కి పైగా నవోదయలున్నాయి. తమిళనాడు మాత్రం ఈ పథకంలో చేరలేదు.

ఆరో తరగతి ప్రవేశానికి జిల్లా స్థాయిలో ఎంపిక జరుగుతుంది. ఒక్కో విద్యాలయంలో గరిష్ఠంగా 80 సీట్లు. వాటిలో కనీసం 75 శాతం గ్రామీణ ప్రాంతాల పిల్లలకు, మూడో వంతు బాలికలకు కేటాయిస్తారు. రెండు గంటల పరీక్షలో 100 మార్కులకు 80 ప్రశ్నలుంటాయి. మేధాశక్తికి 50, అంకగణితానికి 25, భాషకు 25 మార్కులు. పిల్లలు తమ ప్రాంతీయ భాషలోనే రాయవచ్చు. ఇది ఎంతో ముఖ్యమైన సదుపాయం. ఇంగ్లీషు రానంత మాత్రాన తెలివిలేదని అనుకోకూడదు కదా!

అయితే ఒక ప్రశ్న మిగులుతుంది. 80 మంది ఎంపికయ్యాక 81వ స్థానంలో నిలిచిన విద్యార్థి సంగతేమిటి? ఒకటి రెండు మార్కుల తేడాతో అతని ప్రతిభ మాయమైపోదు. పైగా రెండు గంటల పరీక్ష అన్నింటినీ కొలవలేదు. చక్కగా బొమ్మలు వేసే చేయి, పాడైన మోటారును విప్పి బాగుచేసే నేర్పు, పదిమందిని కలుపుకొనిపోయే గుణం ఆ ప్రశ్నపత్రంలో కనిపించవు. పైగా ప్రత్యేక శిక్షణకు డబ్బు పెట్టగల కుటుంబాల పిల్లలకు ఈ పరీక్షలో కొంత అనుకూలత ఉంటుంది.

చరిత్రలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. అమెరికాలో లూయిస్ టెర్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1921లో ప్రజ్ఞాలబ్ధి పరీక్షల ద్వారా సుమారు 1,500 మంది మేధావి బాలబాలికలను ఎంచుకొని దీర్ఘకాలం అధ్యయనం చేశారు. ఆ ఎంపికలో నెగ్గని ఇద్దరు బాలురు, విలియం షాక్లీ 1956లో, లూయీ అల్వారెజ్ 1968లో, భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఎంపికైనవారిలో ఒక్కరికీ ఆ బహుమతి రాలేదు.

అంటే పరీక్షలు వద్దని కాదు. నవోదయ లేకపోతే అనేకమంది గ్రామీణ విద్యార్థులకు ఆ అవకాశమే దక్కేది కాదు. కాని ఎంపికతో బాధ్యత తీరిపోదు. 2020 జాతీయ విద్యావిధానం పాఠశాల, పాఠశాల సముదాయం, జిల్లా స్థాయిల్లో గణితం, విజ్ఞానం, భాష, సంగీతం, క్రీడలు వంటి రంగాలలో ఆసక్తిగల విద్యార్థుల బృందాలను ప్రోత్సహించాలని సూచించింది. ఇలాంటి బృందానికి ప్రవేశ పరీక్ష అవసరం లేదు. ఒక ఉపాధ్యాయుడు, ఒక గది, వారానికి ఒక సాయంత్రం ఉంటే చాలు.

మిత్రులారా! మీరు ఎంపికైనవారైతే, మీ సీటు కోసం ఎందరు పోటీ పడ్డారో మరచిపోకండి. సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు అక్కడి పిల్లలకు మీరు నేర్చుకున్నది చెప్పండి. ఎంపిక కానివారైతే, ఆ ఫలితాన్ని మీ శక్తికి తీర్పుగా భావించకండి. తొమ్మిదో తరగతిలోనూ, పదకొండో తరగతిలోనూ ఖాళీలను బట్టి మళ్ళీ అవకాశం ఉంటుంది. ఈలోగా మీ బడిలోనే నలుగురు స్నేహితులతో ఒక బృందాన్ని ప్రారంభించమని మీ ఉపాధ్యాయులను అడగండి. మీరు అడిగితే వారు తప్పక సంతోషిస్తారు.