అంజూరపు పండ్ల ముద్ద



రెండవ రాజుల గ్రంథము 20వ అధ్యాయంలో హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో మంచం పట్టాడు. కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు విని అతని ఆయుష్షుకు 15 సంవత్సరాలు కలిపాడు. ఆ తరువాత ఏం జరిగిందో గమనించారా? యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానమిచ్చిన దేవుడే మందు కూడా వాడించాడు.

ఈ పాఠం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక రాత్రి మా సంఘపెద్ద ఒకరి ఇంటినుండి కబురొచ్చింది. నేను వెళ్లేసరికి ఆయన ఛాతీ పట్టుకుని కూర్చున్నారు. చొక్కా చెమటతో తడిసిపోయింది. "గ్యాసే అయ్యగారూ, సోడా తాగాను, తగ్గిపోతుంది. ప్రార్థన చేయండి" అన్నారు. ప్రార్థన చేసి ఇంటికి వచ్చేశాను. తెల్లవారుజామున ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికి సమయం మించిపోయింది. ప్రార్థన చేసినందుకు నాకు విచారం లేదు. ఆ చెమట చూసి కూడా ఆయనను ఆసుపత్రికి బయలుదేరదీయనందుకు ఈనాటికీ విచారమే.

ప్రియులారా, మన గుండె పిడికిలంత ఉంటుంది. రోజుకు సుమారు 1 లక్ష సార్లు కొట్టుకుంటుంది. నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని ఒళ్లంతా పంపిస్తుంది. అయితే ఆ గుండె కండకు కూడా రక్తం కావాలి. దానిని అందించే సన్నని రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకుంటుంది. అది చిట్లినచోట రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే, ఆ భాగం కండ కొద్దికొద్దిగా చచ్చిపోతుంది. అదే గుండెపోటు. అందుకే ప్రతి నిమిషమూ విలువైనదే.

గుర్తులు వినండి. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, బిగించినట్టు ఉండడం. ఆ నొప్పి ఎడమ చేతికి, భుజానికి, దవడకు, వీపుకు పాకడం. చల్లని చెమట, ఆయాసం, వికారం, కళ్లు తిరగడం. షుగరు ఉన్నవారికి నొప్పి తెలియకపోవచ్చు. స్త్రీలలో కొందరికి ఆయాసం, విపరీతమైన నీరసం మాత్రమే కనిపించవచ్చు. గ్యాసా, గుండెపోటా అని ఇంట్లో కూర్చుని తేల్చలేము. ఇ.సి.జి., రక్తపరీక్ష చేసి డాక్టరుగారే చెప్పాలి.

అలాంటప్పుడు వారిని నడిపించకండి, మేడ మెట్లు దింపించకండి, కూర్చోబెట్టండి. వెంటనే 108కి ఫోను చేయండి. తీరా చూస్తే అది గ్యాసే అయితే దేవునికి స్తోత్రం చెప్పి ఇంటికి రండి. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

"డాక్టరు దగ్గరకు వెళ్తే విశ్వాసం తక్కువైనట్టు కాదా?" అని కొందరు అడుగుతారు. సువార్త రాసిన లూకా వైద్యుడే కదా! ఈ రాత్రి మీ ఇంట్లో ఎవరైనా ఛాతీ పట్టుకుంటే, ముందు ఫోను చేయండి. బండి వచ్చేలోగా వారి చెయ్యి పట్టుకుని ప్రార్థించండి. మీ కాపరిని పిలవాలనుకుంటే ఆసుపత్రికే రమ్మనండి. తప్పక వస్తాడు.

ప్రార్థన చేసుకుందాం. తండ్రీ, మా శరీరాలను ఆశ్చర్యంగా నిర్మించినవాడా, నీవిచ్చిన గుర్తులను నిర్లక్ష్యం చేయని జ్ఞానం మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.