నీళ్ళు కట్టే చేతికి ఓటు ఏదీ?

(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందిమి హిందూపురం, పెనుకొండ, మడకశిర, కదిరి వైపు పల్లెల నుంచి బతుకుదెరువు కోసం బెంగళూరు వచ్చినవాళ్ళం. వానలు మొండికేసి, బోర్లు ఎండిపోతే బస్సెక్కాం. ఇక్కడ మనం షిఫ్టులో ఉంటే అక్కడ మన మళ్ళకు నీళ్ళు ఎవరు కడుతున్నారు?

మన ఆడవాళ్ళు. ఇదివరకు నాట్లు, కలుపు వాళ్ళ పని; మడవ తిప్పడం, వంతు కోసం తూము దగ్గర నిలబడటం మగవాళ్ళ పని అనేవాళ్ళం. ఇప్పుడు పార పట్టుకొని రాత్రి వంతుకు పోయేది ఆమె. మోటారు కాలితే మెకానిక్కును పిలిపించేది ఆమె. మనం మాత్రం ఇక్కడి నుంచి ఫోను చేసి, "ఈ మడికి పెట్టు, ఆ మడికి వద్దు" అంటున్నాం. పని చేతులు మారింది, పెత్తనం మారలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి యాజమాన్యాన్ని రైతులకు అప్పగిస్తూ 1997లో చట్టం వచ్చింది. ఆ జూన్‌లోనే నీటి సంఘాలకు తొలి ఎన్నికలు జరిగాయి. పదివేలకు పైగా సంఘాలు ఏర్పడ్డాయి. 2024 డిసెంబరులోనూ ఎన్నికలు జరిగాయి. ఆయకట్టులో భూమి ఉన్నవారికి, కౌలుకు చేసేవారికి ఓటు. మరి మన ఇళ్ళలో పాసు పుస్తకం ఎవరి పేరున ఉంది? ఎక్కువగా మన పేరునే. తూము ఎప్పుడెత్తాలో, ఏ కాలువకు ముందు పూడిక తీయాలో తేల్చే చోట ఆమెకు ఓటు లేదు. ఓటున్న మనం ఊళ్ళో లేము.

మిల్లులో బదిలీ కార్మికుడి గతి మనకు తెలుసు. ఏళ్ళ తరబడి అదే మెషీను నడుపుతాడు, పర్మనెంటు జాబితాలో పేరుండదు. అది అన్యాయమని గేటు ముందు నినదించిన మనమే ఇంట్లో ఒక బదిలీ కార్మికురాలిని పెట్టుకున్నాం. అక్కడ నిందించడానికి వేరే యజమాని లేడు.

"పేరు రాసిస్తే రేపు భూమి చేజారదా?" అని కొందరు అడుగుతున్నారు. ఆమె లేకుంటే ఆ భూమి ఈపాటికి బీడై ఉండేది కాదా?

ఈసారి సెలవుకు ఊరు పోయినప్పుడు ఒక పని చేద్దాం. ఆయకట్టు భూమిలో కొంతైనా ఆమె పేరిట రిజిస్టరు చేయిద్దాం. పాసు పుస్తకంలో, నీటి సంఘం ఓటర్ల జాబితాలో ఆమె పేరు ఎక్కిద్దాం. పని చేసేవారికే హక్కు అన్న మన మాటను మన గడప నుంచే మొదలుపెడదాం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!